1,250 కిలోమీటర్ల సైకిల్ యాత్ర: ముందుగా తేల్చుకోవలసిన లెక్క

ప్రశ్న

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఎంతో వివరంగా ఉత్తరం రాశారు. ఆమె వయసు 44 ఏళ్లు. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఉద్యోగం. 2020లో లాక్‌డౌన్ సడలించిన రోజుల్లో ఆరోగ్యం కోసం కొన్న సైకిల్ నెమ్మదిగా ఆమె దినచర్యలో భాగమైంది. వారంలో మూడు రోజులు ఉదయం పాతిక కిలోమీటర్లు, ఆదివారం అరవై నుంచి డెబ్భై కిలోమీటర్ల దాకా తొక్కుతున్నారు. వచ్చే జనవరిలో 20 రోజుల సెలవు పెట్టి, 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా కన్యాకుమారి వరకు సైకిల్ మీద వెళ్లాలన్నది ఆమె కోరిక. ఈ సంగతి బ్యాంకులో అందరికీ చెప్పేశారు, సెలవు కూడా దాదాపు ఖాయమైంది.

చిక్కులు ఆ తర్వాతే మొదలయ్యాయి. "ఒక్కదానివీ వెళ్లడానికి వీల్లేదు, వెళ్లి తీరాలంటే నేను కారులో నీ వెనకే వస్తాను" అని భర్త పట్టుబట్టారు. తోడుగా వస్తానన్న స్నేహితురాలు 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే నిర్ణీత సమయంలోగా ముగించవలసిన దూరపు సైకిల్ ప్రయాణాలు, పూర్తి చేసిన మనిషి. ఆమె రోజుకు 160 కిలోమీటర్ల చొప్పున ఎనిమిది రోజుల్లో కన్యాకుమారి చేరేలా పట్టిక తయారు చేశారు. ఆ వేగానికి తగినట్టు అభ్యాసం పెంచబోతే ఈమెకు తొంభై కిలోమీటర్లు దాటగానే కుడి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతోంది. ఇప్పుడున్న హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్యరకం) పనికిరాదనీ, లక్షన్నర పెట్టి దూరప్రయాణాలకు చేసిన టూరింగ్ సైకిల్ కొనాలనీ తెలిసినవాళ్లు చెబుతున్నారు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. "నువ్వు వెళ్లమ్మా" అని ఆ అమ్మాయి అంటుంటే, "పరీక్షల ముందు తల్లి ఇంట్లో లేకపోవడమేమిటి" అని అత్తగారు అడుగుతున్నారు. "అందరికీ చెప్పుకున్నాక ఇప్పుడు మానుకుంటే నవ్వులపాలవుతాను. వెళితే ఇంట్లో అందరినీ బాధపెట్టినదాన్నవుతాను. ఏం చేయమంటారు?" అని ఆమె ఉత్తరం ముగించారు.

సమాధానం

మీరు రాసిన సమస్యలన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా పైకి కనిపిస్తున్నాయి. మోకాలు ఒక సమస్య, స్నేహితురాలు ఇంకొకటి, మీ భర్త భయం మరొకటి, సైకిల్ వేరొకటి. కానీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు అన్నింటి అడుగునా ఒకే లెక్క తేలకుండా ఉండిపోయిందని నాకు అనిపించింది. రోజుకు ఎన్ని కిలోమీటర్లు వెళ్లాలన్న నిర్ణయం తీసుకున్నది మీరు కాదు, మీ స్నేహితురాలు. ఆ ఒక్క సంఖ్యను మీరు ఖాయం చేసుకుంటే మిగతా వాటిలో సగం వాటంతట అవే సర్దుకుంటాయి. అందుకే ముందు దాని గురించి మాట్లాడతాను.

హైదరాబాద్ నుంచి కన్యాకుమారికి మీరు చెప్పిన దారిలో సుమారు 1,250 కిలోమీటర్లు. సామాను కట్టిన హైబ్రిడ్ సైకిల్ మీద మీ అలవాటున్నవారు గంటకు 15, 16 కిలోమీటర్లకు మించి సగటు తీయడం కష్టం. ఆ లెక్కన 160 కిలోమీటర్లంటే సీటు మీదే పది గంటలు. టిఫిను, భోజనం, నీళ్లు, పంక్చర్లు, లాడ్జి వెతుక్కోవడం దీనికి అదనం. జనవరిలో మన ప్రాంతంలో ఏడింటికి కాస్త ముందు తెల్లవారి, ఆరు గంటల ప్రాంతంలో పొద్దు గూకుతుంది. అంటే ఆ పట్టిక ప్రకారం వెళితే మీరు దాదాపు ప్రతి రోజూ చీకట్లో, లారీల మధ్య, అలసిన ఒంటితో చివరి ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కవలసి వస్తుంది. మీ భర్త భయపడుతున్నది సరిగ్గా దానికే. ఆ భయంలో తప్పేమీ లేదు.

అదే రోజుకు సగటున 85 కిలోమీటర్లు అనుకోండి. పదిహేను రోజుల ప్రయాణం, రెండు రోజుల విశ్రాంతి, తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు, అనుకోని అవాంతరానికి ఒక రోజు. మీ 20 రోజుల సెలవు దీనికి సరిపోతుంది. తెల్లవారాక బయలుదేరి మధ్యాహ్నం రెండు మూడు గంటలకల్లా ఆ రోజు మజిలీ చేరుకోవచ్చు. మిగిలిన సాయంత్రం బట్టలు ఉతుక్కోవడానికి, సైకిల్ చూసుకోవడానికి, ఊరు తిరగడానికి ఉంటుంది. యాత్ర అన్న మాటకు నా దృష్టిలో ఆ సాయంత్రాలే అర్థం. అయితే సగటు అన్నాను కనుక కొన్ని రోజులు 100 దాటక తప్పదు, కొన్ని రోజులు 55తో ముగుస్తాయి. ఏ రోజు దూరమైనా, మరుసటి ఉదయం మీ శరీరం మళ్లీ సీటెక్కడానికి ఒప్పుకునేంతలోనే ఉండాలి.

మీ స్నేహితురాలిని నేను తక్కువ చేయడం లేదు. 200 కిలోమీటర్ల బ్రెవేను పదమూడున్నర గంటల్లో ముగించడం తేలికైన పని కాదు. కానీ బ్రెవేకూ యాత్రకూ శిక్షణ వేరు. అక్కడ గడియారంతో పందెం ఉంటుంది, మరుసటి రోజు విశ్రాంతి దొరుకుతుంది, సైకిల్ మీద పెద్ద బరువు ఉండదు. ఇక్కడ మరుసటి రోజూ ఆ తర్వాతి రోజూ మళ్లీ తొక్కాలి. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరితే 1928లో యాత్ర పూర్తి చేసి తిరిగి వచ్చినవారు ముగ్గురే: ఆది హకీం, జల్ బాపసోలా, రుస్తుం భుమ్‌గరా. మిగతావారు దారిలో వేరుపడ్డారు. కలిసి బయలుదేరినవారంతా కలిసే చేరుకోవాలన్న నియమం అంత గొప్ప యాత్రకే చెల్లలేదు. కాబట్టి మీ ఇద్దరి వేగాలూ కలవకపోతే దాన్ని స్నేహానికి సంబంధించిన విషయంగా తీసుకోకండి.

ఆమెతో మాట్లాడేటప్పుడు మూడు దారులు ఆమె ముందుంచవచ్చు. మొదటిది, 85 కిలోమీటర్ల పట్టికకు ఆమే రావడం. ఒప్పుకుంటే మంచిదే, కానీ మొహమాటానికి ఒప్పుకుని మూడో రోజు నుంచి ముందుకు దూసుకుపోయి ఎక్కడో కూర్చుని మీ కోసం ఎదురుచూసే పరిస్థితి వస్తే ఇద్దరికీ నరకం. రెండోది, బెంగళూరు వరకు మీరు ముందుగా ఒంటరిగా బయలుదేరడం, ఆమె మూడు నాలుగు రోజులు వెనక బయలుదేరి తన వేగంతో వచ్చి అక్కడ మిమ్మల్ని కలవడం. అప్పుడు తమిళనాడు భాగమైనా ఇద్దరూ కలిసి వెళ్లవచ్చు, దానికీ వేగం సంగతి ముందే మాట్లాడుకోవాలి. మూడోది, ఈసారికి ఎవరి యాత్ర వారిది అనుకోవడం. ఇది వినడానికి కఠినంగా ఉన్నా, ఎనిమిది రోజులు ఆమె వెనక పరుగెత్తి మోకాలు పోగొట్టుకోవడం కంటే మేలు.

మోకాలి విషయానికి వస్తే, మీరు రాసిన ఒక వాక్యం నాకు ముఖ్యంగా కనిపించింది. ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు గేరు మార్చకుండా బలంగా తొక్కేస్తున్నానని రాశారు. చిప్ప ముందు భాగంలో వచ్చే నొప్పికి సీటు తక్కువ ఎత్తులో ఉండటం, బరువైన గేర్లో నెమ్మదిగా తొక్కడం తరచుగా కనిపించే కారణాలు. సీటు మీద కూర్చుని, పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనించి చూడండి. కాలు నిటారుగా చాచుకోవాలి, నడుము పక్కకు వాలకూడదు. మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు అప్పుడు మోకాలిలో కొద్దిపాటి వంపు మిగులుతుంది. సీటును ఒకేసారి రెండంగుళాలు లేపేయకండి, అయిదారు మిల్లీమీటర్ల చొప్పున మార్చి, రెండు మూడు రోజులు తొక్కి చూడండి. మోకాలి వెనక లాగడం మొదలైతే సీటు ఎక్కువ ఎత్తుకు వెళ్లినట్టు. ఎత్తు ఎక్కేటప్పుడు కాలికి బరువు తెలియకముందే గేరు తగ్గించి, నిమిషానికి 70, 80 సార్లు పెడల్ తిరిగేలా తేలిగ్గా తొక్కడం అలవాటు చేసుకోండి. ఇన్ని చేసినా రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గకపోయినా, మెట్లు దిగేటప్పుడు కూడా వస్తున్నా, వాపు కనిపించినా ఎముకల డాక్టరుకు చూపించిన తర్వాతే మిగతా ఏర్పాట్లకు డబ్బు ఖర్చు పెట్టండి.

సైకిల్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ హైబ్రిడ్ ఈ దారికి చాలు. లక్షన్నర పెట్టి కొత్తది కొంటే యాత్ర ఇంకొంత సౌకర్యంగా ఉండవచ్చు, కానీ కొత్త సైకిల్‌కూ మీ ఒంటికీ పొత్తు కుదరడానికి నెలలు పడుతుంది, ఆ సమయం మీకు లేదు. ఆ డబ్బులో చిన్న భాగంతో రెండు కొత్త టైర్లు, నాలుగు ట్యూబులు, బ్రేకు షూలు, కొత్త చైను, గట్టి వెనక క్యారియర్, దానికి రెండు పక్కలా వేలాడే నీళ్లు చొరబడని సంచులు తీసుకోండి. టైరు 35 మిల్లీమీటర్ల వెడల్పుకు అటూ ఇటూ ఉంటే బరువుకూ గతుకులకూ నయం. సైకిల్ బాగుచేసే మనిషి దగ్గర వెనక చక్రం పుల్లల బిగువు ప్రత్యేకంగా చూపించుకోండి, ఎందుకంటే సామాను బరువంతా మోసేది అదే, విరిగే పుల్ల కూడా సాధారణంగా అక్కడిదే. ఇంకో సంగతి, మీ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే పల్లెటూరి పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు రెండు కొని, ఒకటి పంపు సంచిలో, ఒకటి పర్సులో పెట్టుకోండి.

పంక్చర్ మీరే వేసుకోగలగాలి. దీనికి మినహాయింపు లేదు. జాతీయ రహదారి అంచున సైకిల్‌కు ఎక్కువగా పంక్చర్ చేసేది మేకు కాదు, పేలిపోయిన లారీ టైర్లలోంచి రాలిన, తలవెంట్రుక కంటే కొంచెం మందమున్న ఉక్కు తీగ ముక్క. అది టైరులో గుచ్చుకుని బయటికి కనిపించకుండా ఉండిపోతుంది. ట్యూబు మార్చి గాలి కొట్టుకుని బయలుదేరిన పది నిమిషాలకు మళ్లీ అదే చోట పంక్చర్ అవుతుంది. అందుకని ట్యూబు తీసిన ప్రతిసారీ టైరు లోపలి వైపు చుట్టూ ఒక పాత నూలు గుడ్డతో నిదానంగా తుడవండి. తీగ ఉన్నచోట గుడ్డ దారం చిక్కుకుని ఆగుతుంది. గోళ్ల కత్తెరతో దాన్ని పట్టి లాగేసి, అప్పుడు కొత్త ట్యూబు వేయండి. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని నాలుగుసార్లు, ఎండలో రోడ్డు పక్కన రెండుసార్లు చేస్తే చేయి తిరుగుతుంది.

ఇప్పుడు మీ భర్త గురించి. "వద్దు" అన్న ఆయన మాటను మొత్తంగా ఎదుర్కోకుండా, ఏయే విషయాలకు భయపడుతున్నారో ఒక్కొక్కటిగా కాగితం మీద రాయమని అడగండి. చీకట్లో ప్రయాణం, లారీలు, రాత్రి బస, ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారు, ఇలా నాలుగైదు తేలతాయి. వాటిలో ప్రతిదానికీ ఒక ఏర్పాటు చూపించవచ్చు. సాయంత్రం నాలుగు దాటాక సైకిల్ మీద ఉండనన్నది మీరు ఆయనకు ఇవ్వదగ్గ మాట. రాత్రి బసలు ముందురోజే ఫోను చేసి ఖాయం చేసుకోవచ్చు. జడ్చర్ల, పెబ్బేరు, కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ, చిక్కబళ్లాపురం, బెంగళూరు, ఆ తర్వాత హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, సేలం, కరూరు, దిండిగల్, మధురై, కోవిల్‌పట్టి, తిరునెల్వేలి. దారి పొడవునా అందదగ్గ దూరాల్లో ఊళ్లున్నాయి, వాటిలో రెండు మూడు జతలను ఒకే రోజులో కలిపేసుకోవచ్చు. ఫోనులో మీరు ఎక్కడున్నదీ ఆయనకు ఎప్పటికప్పుడు కనిపించే ఏర్పాటు పెట్టుకోండి. 112తో పాటు జాతీయ రహదారుల సహాయ నంబరు 1033 కూడా ఇద్దరి ఫోన్లలో ఉండాలి.

కారులో వెంట వస్తానన్న ప్రతిపాదనను మాత్రం జాగ్రత్తగా ఆలోచించండి. గంటకు 80, 90 కిలోమీటర్ల వేగంతో బండ్లు వెళ్లే రోడ్డు మీద ఒక కారు 15 కిలోమీటర్ల వేగంతో సైకిల్ వెనక పాకుతూ రావడం మీకు రక్షణ కాదు, ఆయనకే ప్రమాదం. ఆయన ముందుగా మజిలీకి వెళ్లిపోయి మీ కోసం ఎదురుచూడవచ్చు. అప్పుడు సామాను బరువు తప్పుతుంది, మోకాలికి మంచిది. కానీ ఆయన సెలవు కూడా ఖర్చవుతుంది, ఇంట్లో అమ్మాయి దగ్గర ఇద్దరూ ఉండరు. పైగా కాస్త అలసట కలిగిన ప్రతిసారీ కారెక్కమన్న మాట వినవలసి వస్తుంది, దాన్ని రోజూ కాదనడం కూడా ఒక శ్రమే. వీటి మధ్య ఇంకో దారి ఉంది. బెంగళూరులో మీరు విశ్రాంతి తీసుకునే రోజు ఆదివారమయ్యేలా పట్టిక వేసుకుని ఆయన్ను అక్కడికి రమ్మనండి. మళ్లీ చివరలో మధురైకో కన్యాకుమారికో రమ్మనండి. ఆ రెండు కలయికల మధ్య దారి మీదిగా ఉంటుంది. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది, అయితే ఆయన మనసు ఏ మేరకు కుదుటపడుతుందో మీకే తెలుసు.

దారిలో రెండు మూడు చోట్ల ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. గుత్తి, అనంతపురం మధ్య నీడ తక్కువ. దూరం యాభై కిలోమీటర్లే అయినా పొద్దున్నే బయలుదేరి, మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు దగ్గర పెట్టుకోవాలి. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంటే బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. ఆ ఎక్కుడు ఒక్కచోట కనిపించదు, రెండు మూడు రోజుల పాటు కాళ్లకు తెలుస్తుంది. ఆ రోజుల్లో దూరం తగ్గించుకోండి. బెంగళూరు నగరాన్ని ఆదివారం తెల్లవారుజామునే దాటడం మంచిది కనుక, మీ భర్త వచ్చేది శనివారమైతే రెండూ కుదురుతాయేమో చూసుకోండి. ఎలక్ట్రానిక్ సిటీ వైపు వెళ్లే ఎత్తైన ఫ్లైఓవరు ఎక్కకండి, మీరు కింద రోడ్డు మీదుగానే వెళ్లాలి. అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ధర్మపురి, సేలం మధ్య తొప్పూరు ఘాట్. సేలం వైపు దిగే ఆ వాలులో బ్రేకులు పట్టు తప్పిన లారీల వల్ల ఎన్నో ప్రమాదాలు జరిగాయి. పట్టపగలు, బ్రేకులను విడతలు విడతలుగా వేస్తూ, రోడ్డుకు బాగా ఎడమ అంచున దిగవచ్చు. లేదా ఆ కొద్ది దూరమూ సైకిల్‌ను ఒక చిన్న ట్రాలీ ఆటోలో వేసుకుని దాటవచ్చు. యాత్ర మొత్తం సైకిల్ మీదే చేశానన్న పేరు మీకు ముఖ్యమైతే మొదటిది, కాకపోతే రెండోది. నన్నడిగితే రెండోదే అంటాను.

ఆడవాళ్లకు ఉండే ఇబ్బందుల గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నేను వదిలిపెట్టను. మరుగుదొడ్ల కోసం పెట్రోలు బంకులనూ, పెద్ద హోటళ్లనూ ముందురోజే మ్యాపులో గుర్తు పెట్టుకోండి. మరుగుదొడ్డి దొరకదేమోనని నీళ్లు తాగడం మానేయడం మన ఆడవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటు. ఎండలో గంటల తరబడి తొక్కేవారికి అది ప్రమాదకరం. నెలసరి రోజులు ఎప్పుడొస్తాయో లెక్క చూసుకుని విశ్రాంతి రోజులను వీలైనంత వాటి దగ్గర పెట్టుకోండి. మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కర్లు మూడు ఉంచుకుని, వాటి లోపల వేరే లోదుస్తులు వేసుకోకుండా, రోజూ ఉతికి పూర్తిగా ఆరినదే వేసుకోండి. కూర్చునే చోట ఒరుపు వల్ల పుట్టే పుండ్లు కూడా మోకాలి నొప్పిలాగే యాత్రను మధ్యలో ఆపేయగలవు.

సమయం విషయంలో సంక్రాంతికి ముందు బయలుదేరకండి. మకరజ్యోతి దాకా అయ్యప్ప భక్తుల రద్దీ వల్లా, పొంగల్ సెలవుల వల్లా కన్యాకుమారిలోనూ దారిలోని పుణ్యక్షేత్రాల్లోనూ గదులు దొరకడం కష్టం. కనుమ దాటాక జనవరి 17, 18 తేదీల్లో బయలుదేరితే తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబడి ఉంటాయి, రాయలసీమలో ఎండలు ఇంకా ముదరవు. ఫిబ్రవరి మొదటి వారానికి ఇంటికి చేరతారు.

ఇక్కడే మీ అమ్మాయి పరీక్షల మాట వస్తుంది. ఆ అమ్మాయి "వెళ్లమ్మా" అనడం మీ మీద ప్రేమతోనా, నిజంగానే మీరు లేకపోయినా ఇబ్బంది లేదనా అన్నది మీ అత్తగారు గానీ నేను గానీ చెప్పలేం. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, ఆ ఇరవై రోజుల్లో ఉదయం ఎవరు లేపాలి, కాలేజీకి ఎవరు దింపాలి, ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూడాలి అని ఒక్కొక్కటే అడగండి. జవాబుల్లో తడబాటు కనిపిస్తే యాత్రను రెండుగా విడదీయవచ్చు. ఈ జనవరిలో బెంగళూరు వరకు సుమారు 570 కిలోమీటర్లు, ఎనిమిది రోజులు. మిగతాది ఆ మరుసటి ఏడాది అక్కడి నుంచే. ఇందులో నష్టమేమంటే రెండోసారి సెలవు దొరుకుతుందన్న హామీ లేదు. లాభమేమంటే మొదటి సగం మీకు నేర్పినదంతా రెండో సగానికి పనికొస్తుంది. మొత్తం యాత్రను ఆ మరుసటి ఏడాది జనవరికి వాయిదా వేయడం మూడో మార్గం. అప్పటికి అమ్మాయి పరీక్షల చింత ఉండదు, మోకాలికి ఏడాది సమయం దొరుకుతుంది. బ్యాంకులో చెప్పేశాను కదా అన్న మొహమాటాన్ని మాత్రం ఈ లెక్కలోకి రానివ్వకండి. తొక్కేది వాళ్లు కాదు.

ఏది ఎంచుకోవాలో తేల్చుకోవడానికి మాటలకంటే ఒక చిన్న యాత్ర ఉపయోగపడుతుంది. నవంబరులోగా ఒక శుక్రవారం సెలవు పెట్టి, కన్యాకుమారికి కట్టబోయే సామానంతా కట్టుకుని నాగార్జునసాగర్ వెళ్లి రండి. వెళ్లడానికి సుమారు 150 కిలోమీటర్లు. దాన్ని రెండు రోజులు చేసుకుని, మధ్యలో ఒక రాత్రి దారిలోని ఊళ్లో ఆగండి. సోమవారం సెలవు దొరికితే తిరిగి కూడా సైకిల్ మీదే రండి, దొరక్కపోతే బస్సు మీద వేయించండి. అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ రోజువారీ అభ్యాసానికి చక్కగా ఉంటుంది, కానీ అక్కడ లారీ గాలి తాకిడి తెలియదు, బరువుతో ఎక్కుడు తెలియదు, అలసిపోయాక గది వెతుక్కోవడం తెలియదు. సాగర్ దారిలో ఇవన్నీ తెలుస్తాయి. రెండో రోజు ఉదయం మోకాలు ఏమంటోందో, సామానులో ఏది ఒక్కసారి కూడా బయటికి తీయలేదో రాసి పెట్టుకోండి. సామాను మొత్తం పన్నెండు కిలోలు మించితే తగ్గించండి. వీలైతే మీ స్నేహితురాలిని కూడా అదే పట్టికకు రమ్మనండి. 75 కిలోమీటర్లకే ఆగిపోయిన సాయంత్రం ఆమె తీరు ఎలా ఉంటుందో చూస్తే, జనవరిలో కలిసి వెళ్లాలా వద్దా అన్నది మీ ఇద్దరికీ అక్కడే తెలిసిపోతుంది.

తిరుగు ప్రయాణానికి సైకిల్‌ను రైల్లో వేయడం గురించి కూడా అడిగారు. కన్యాకుమారిలోనో నాగర్‌కోయిల్‌లోనో స్టేషన్లోని పార్సిల్ కార్యాలయంలో, మీ టికెట్ చూపించి లగేజీగా బుక్ చేయించండి. రైలు సమయానికి కనీసం మూడు గంటల ముందు వెళ్లండి. పెడళ్లు విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, చైను వైపు గేరు భాగానికి అట్టముక్క కట్టి, గోనెపట్టాతో చుట్టించండి. మీ పేరూ ఫోను నంబరూ రెండు చోట్ల రాయండి. చెరిగిపోని సిరా పెన్ను ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్లండి.